పళ్ళు లేని దవడకు ఇంప్లాంట్ పళ్ళు: లోపలి ఫ్రేమ్ దేనితో చేయాలి?

పళ్ళన్నీ పోయిన దవడలో నాలుగు నుంచి ఆరు ఇంప్లాంట్లు దించి, వాటిమీద ఒకే వరసగా పళ్ళు బిగిస్తే, నోరు తెరిచినప్పుడు కనిపించేవి తెల్లటి పళ్ళు, వాటిని ఆనుకుని గులాబీరంగు చిగురు. కనిపించనిది లోపల ఉంటుంది. దవడ వంపు వెంట ఒక చివరి నుంచి ఇంకో చివరి దాకా సాగే కమ్మీ అది. డెంటల్ ల్యాబుల్లో దాన్ని ఫ్రేమ్ అంటారు. నమిలేటప్పుడు పడే బరువు పళ్ళ నుంచి ఫ్రేమ్‌కూ, ఫ్రేమ్ నుంచి ఇంప్లాంట్లకూ, అక్కడి నుంచి ఎముకకూ చేరుతుంది. గడిచిన అరవై ఏళ్ళలో ఈ ఫ్రేమ్‌ను బంగారు మిశ్రమంతో చేశారు, కోబాల్ట్-క్రోమ్‌తో చేశారు, టైటానియంతోనూ జిర్కోనియాతోనూ చేశారు. ఇప్పుడు పీక్ అనే పాలిమర్‌తో కూడా చేస్తున్నారు. ఏది మేలంటే ఒక్క మాటలో జవాబు రాదు. ఒక్కో పదార్థం ఒక్కో రకంగా చెడుతుంది. చెడినప్పుడు బాగుచేయడం ఒకదానికి గంట పని, ఇంకొకదానికి మొత్తం మళ్ళీ చేయించే పని. పదార్థాల పోలికలో ముందు చూడవలసింది అదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నోటి ఆరోగ్య నివేదిక ప్రకారం 60 ఏళ్ళు పైబడినవారిలో సుమారు 23 శాతం మందికి నోట్లో ఒక్క పన్ను కూడా లేదు. వీళ్ళకు ఎప్పటినుంచో ఉన్న ఉపాయం తీసి పెట్టుకునే పళ్ళ సెట్టు. పై సెట్టు అంగిలిని అంటిపెట్టుకుని కొంతవరకు నిలుస్తుంది. కింది సెట్టుకు ఆ ఆసరా లేదు. నాలుక కదిలినప్పుడల్లా లేస్తుంది, నమిలేటప్పుడు జారుతుంది. పైగా పన్ను పోయిన చోట ఎముక ఏటేటా కరుగుతూ పోతుంది. సెట్టు పెట్టుకునేవారిని 25 ఏళ్ళ పాటు గమనించిన టాల్‌గ్రెన్ పరిశోధన 1972లో వెలువడింది. ముందు భాగంలో కింది దవడ ఎముక పై దవడ కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా కరుగుతుందని అది చూపించింది. కొన్నేళ్ళ కిందట సరిగ్గా కూర్చున్న సెట్టు ఇప్పుడు వదులవడానికి కారణం సెట్టు అరగడం కాదు, దాని కింద ఎముక తగ్గిపోవడం.

కింది దవడకు సంబంధించి ఒక మాట ఇక్కడే చెప్పుకోవాలి. అందరికీ ఫిక్స్‌డ్ పళ్ళు అక్కర్లేదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు, కింది దవడలో రెండు ఇంప్లాంట్లు వేసి వాటికి పట్టుకునేలా చేసిన సెట్టును కనీస ప్రమాణంగా తీసుకోవాలన్నారు. అది తీసి కడుక్కునే సెట్టే, కానీ జారదు. చాలామంది వృద్ధులకు అంతమాత్రంతో తిండీ మాటా రెండూ కుదుటపడతాయి. నోట్లోంచి తీయనక్కర్లేని పళ్ళు కావాలనుకున్నప్పుడు మాత్రమే పూర్తి ఫ్రేమ్ ప్రసక్తి వస్తుంది.

ఆ కథ స్వీడన్‌లో మొదలైంది. పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1952లో కుందేళ్ళ ఎముకలో రక్తప్రసారాన్ని చూడటానికి టైటానియం గొట్టాలు అమర్చాడు. ప్రయోగం ముగిశాక వాటిని తీయబోతే రాలేదు. ఎముక వాటికి అతుక్కుపోయింది. 1965లో యోటెబోరిలో యోస్టా లార్సన్ అనే రోగి కింది దవడలో నాలుగు టైటానియం ఇంప్లాంట్లు వేశారు. లార్సన్ 2006లో చనిపోయేదాకా అవి పనిచేశాయి. 1981లో ఆడెల్, బ్రోనెమార్క్ బృందం 15 ఏళ్ళ అనుభవాన్ని ప్రచురించింది. 371 మంది రోగులు, పళ్ళు లేని 410 దవడలు. ఐదు నుంచి తొమ్మిదేళ్ళు గమనించినవారిలో కింది దవడ బ్రిడ్జిలు నూటికి నూరు, పై దవడవి నూటికి 89 కదలకుండా నిలిచాయి. ఇంప్లాంట్లు టైటానియంవే అయినా, వాటిమీది ఫ్రేమ్ మాత్రం బంగారు మిశ్రమం. దానిమీద ఎక్రిలిక్ పళ్ళు, ఎక్రిలిక్ చిగురు.

బంగారాన్ని ఎంచుకోవడానికి కారణం పోత పోయడంలో ఉంది. ఫ్రేమ్‌ను ముందు మైనంతో మలిచి, చుట్టూ మూస పోసి, మైనాన్ని కరిగించి వదిలేసి, ఆ ఖాళీలో కరిగిన మిశ్రమాన్ని నింపుతారు. బంగారు మిశ్రమం సన్నటి సందుల్లోకి కూడా బాగా పారుతుంది. చల్లారేటప్పుడు కుదించుకుపోవడం తక్కువ. తేడా వస్తే ముక్క కోసి మళ్ళీ అతకవచ్చు. నోట్లో తుప్పు పట్టదు. లోపాలు రెండు. ఒకటి ధర, దాన్ని వివరించనక్కర్లేదు. రెండోది బరువు. ఈ మిశ్రమాల సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 15 గ్రాములు, టైటానియానిది 4.5. ఇంత బరువున్న కమ్మీ కింది దవడలో సర్దుకుంటుంది కానీ, పై దవడ నుంచి వేలాడేటప్పుడు మనిషికి తెలుస్తూనే ఉంటుంది. ఈ రోజుల్లో కొత్తగా బంగారు ఫ్రేమ్ చేయించేవారు అరుదు. ఆనాటి ఫలితాలు మాత్రం తర్వాత వచ్చిన ప్రతి పదార్థాన్నీ తూచే తక్కెడగా మిగిలాయి.

పదార్థాల సంగతికి ముందు ఫ్రేమ్ ఎంత సరిగ్గా కూర్చుంటుందన్నది చూడాలి. సొంత పన్నుకూ ఎముకకూ మధ్య మెత్తటి పొర ఉంటుంది. ఒత్తిడి పడితే పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల దాకా కదులుతుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. అది ఎముకను నేరుగా అంటుకుని ఉంటుంది. కదలిక ఐదు మైక్రాన్లకు కాస్త అటూ ఇటూ. అంటే వంకరగా వచ్చిన ఫ్రేమ్‌ను బలవంతంగా స్క్రూలతో బిగిస్తే, ఆ వంకరను సర్దే మెత్తదనం ఎక్కడా లేదు. ఆ ఒత్తిడి రాత్రింబవళ్ళు, ఏమీ నమలకపోయినా, స్క్రూల్లోనూ ఫ్రేమ్‌లోనూ దానిమీది పింగాణీలోనూ నిలిచిపోతుంది. స్క్రూలు పదే పదే వదులవడం, విరగడం దీనివల్లే ఎక్కువ. ఎముక కొంత తప్పును ఓర్చుకుంటుంది, స్క్రూ ఓర్చుకోదు.

ఎంత తేడా ఉండవచ్చన్నదానిపై పాత పుస్తకాల్లో రెండు అంకెలు కనిపిస్తాయి. బ్రోనెమార్క్ 10 మైక్రాన్లు మించరాదన్నాడు. స్వీడన్‌కే చెందిన యెమ్ట్ 150 మైక్రాన్ల దాకా ఒప్పుకోవచ్చన్నాడు. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు కాబట్టి, ఈ రెండు అంకెల మధ్య ఎంత దూరముందో తెలుస్తుంది. నోట్లో ఆ సందును కొలిచే సాధనం ఏదీ లేదు. అందుకే వైద్యులు ఒక పాత పరీక్షను నమ్ముకుంటారు. ఫ్రేమ్‌ను ఇంప్లాంట్ల మీద ఉంచి, ఒక కొసన ఉన్న ఒక్క స్క్రూనే బిగిస్తారు. ఇప్పుడు రెండో కొసను చూడాలి. ఫ్రేమ్ సరిగ్గా ఉంటే అక్కడ అంచు ఇంప్లాంట్ మీద ఆనుకునే ఉంటుంది. తేడా ఉంటే అక్కడ అది పైకి లేస్తుంది. చిగురు కప్పేసిన చోట ఎక్స్‌రే తీసి చూస్తారు. తర్వాత అదే పరీక్షను రెండో కొస నుంచి చేస్తారు. ఐదు నిమిషాల పని. ఈ పరీక్షలో నెగ్గని ఫ్రేమ్ ఎంత ఖరీదైన పదార్థంతో చేసిందైనా ల్యాబుకు తిరిగి వెళ్ళవలసిందే.

తప్పు ఎక్కువగా ఫ్రేమ్ తయారీలో కాదు, అంతకుముందే, కొలత తీసేటప్పుడు దూరుతుంది. అందుకే కొలత తీశాక వెరిఫికేషన్ జిగ్ చేస్తారు. ఇంప్లాంట్ల మీద బిగించే లోహపు గొట్టాలను రెజిన్‌తో ఒకదానికొకటి కలుపుతారు. రెజిన్ గట్టిపడేటప్పుడు కుదించుకుపోతుంది కాబట్టి, ఆ కమ్మీని ఇంప్లాంట్‌కూ ఇంప్లాంట్‌కూ మధ్య సన్నగా కోస్తారు. ముక్కలను నోట్లో బిగించి, కోసిన సందుల్లో మాత్రమే కొద్దిపాటి రెజిన్‌తో మళ్ళీ అతుకుతారు. రెజిన్ ఎంత తక్కువైతే కుదింపు అంత తక్కువ. ఇప్పుడు కెమెరాలతో ఇంప్లాంట్ల స్థానాలను లెక్కగట్టే ఫోటోగ్రామెట్రీ వచ్చింది. అది ఉన్న చోట కూడా జాగ్రత్తపరులు జిగ్‌ను వదలడం లేదు.

ఇక గట్టిదనం. వంగకుండా నిలిచే గుణాన్ని గిగాపాస్కల్‌లలో కొలుస్తారు. దవడ పై పొర ఎముకకు ఇది సుమారు 15. ఎక్రిలిక్‌కు రెండు, మూడు. పీక్‌కు నాలుగు లోపు. బంగారు మిశ్రమానికీ టైటానియానికీ ఇంచుమించు 100 చొప్పున. జిర్కోనియా, కోబాల్ట్-క్రోమ్ 200 దాటుతాయి. అంటే టైటానియం ఫ్రేమ్ బంగారు ఫ్రేమంత గట్టిగా, దాని మూడో వంతు బరువుతో వస్తుంది. అయితే ఈ అంకెల కంటే ఆకారం చాలా పెద్ద ప్రభావం చూపుతుంది. చివరి ఇంప్లాంట్ దాటి వెనక్కి సాగిన ఫ్రేమ్ భాగం గోడలోంచి బయటికి వచ్చిన సజ్జ వంటిది. దాని పొడవు రెండింతలైతే, అదే బరువుకు కొస ఎనిమిదింతలు వంగుతుంది. దాని ఎత్తు రెండింతలు చేస్తే వంపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి వెనక పొడవు కొన్ని మిల్లీమీటర్లు తగ్గించడం, ఎత్తు ఒకటి రెండు మిల్లీమీటర్లు పెంచడం పదార్థాన్ని మార్చడంకంటే ఎక్కువ మేలు చేయగలవు. లిస్బన్‌కు చెందిన పౌలో మాలో 2003లో ప్రచురించిన నాలుగు ఇంప్లాంట్ల పద్ధతిలో వెనక రెండింటినీ వాలుగా దించడానికి ఒక కారణం ఇదే. వాలు వల్ల ఇంప్లాంట్ తల వెనక్కి జరుగుతుంది, సజ్జ కురచవుతుంది.

కోబాల్ట్-క్రోమ్ ల్యాబులకు పాత నేస్తం. తీసి పెట్టుకునే సెట్ల కొక్కేలు, పళ్ళేలు 1930ల నుంచి దీనితోనే పోస్తున్నారు. గట్టిదనం టైటానియానికి రెండింతలు కాబట్టి సన్నటి కమ్మీ సరిపోతుంది. పింగాణీ దీనికి చక్కగా అంటుకుంటుంది. ధర తక్కువ. చిక్కు పోతలో వస్తుంది. చల్లారేటప్పుడు బంగారు మిశ్రమం కంటే ఎక్కువ కుదించుకుపోతుంది. దవడంత పొడవైన ముక్కలో ఆ కుదింపు వంకరగా తేలుతుంది. ఈ కారణంగా పోత పోసిన పొడవాటి కోబాల్ట్-క్రోమ్ ఫ్రేమ్‌ను నమ్మకూడదు. కోసి లేజర్‌తో అతకడం ఒక మార్గం. దానికంటే మేలైనది, లోహపు పొడిని లేజర్‌తో పొర మీద పొరగా కరిగించి ఫ్రేమ్‌ను కట్టి, ఇంప్లాంట్‌కు ఆనే ముఖాలను యంత్రంతో చెక్కడం. ఆ రెండో అంచె చేయని ల్యాబులు కూడా ఉన్నాయి. అడిగి తెలుసుకోవలసిన విషయం అది. యూరోపియన్ యూనియన్ కోబాల్ట్‌ను క్యాన్సర్ కారకం కాగల పదార్థాల జాబితాలో చేర్చింది. ఆ ముప్పు ముఖ్యంగా పొడిని పీల్చే ల్యాబ్ పనివారిది. గ్రైండింగ్ బల్ల దగ్గర దుమ్ము లాగే యంత్రం, మాస్కు తప్పనిసరి.

టైటానియం ఫ్రేమ్ చరిత్ర పోతతో బాగా సాగలేదు. 1,668 డిగ్రీల వద్ద గానీ కరగదు. కరిగాక గాలి తగిలితే ఆక్సిజన్‌ను పీల్చుకుని పైన పెళుసైన తొక్క కడుతుంది. ఆర్గాన్ వాయువులో పోత పోయాలి. స్వీడన్‌లో ముందు టైటానియం ముక్కలను లేజర్‌తో అతికి ఫ్రేమ్‌లు చేశారు. తర్వాత కంప్యూటర్ బొమ్మను బట్టి ఒకే దిమ్మ నుంచి యంత్రంతో చెక్కడం వచ్చింది. అసలు మలుపు అదే. వేడి లేదు, కరగడం లేదు, కుదించుకుపోవడం లేదు. దిమ్మ ఫ్యాక్టరీలో తయారైంది కాబట్టి లోపల బుడగలు ఉండవు. యంత్రం చెక్కిన ముఖం ఇంప్లాంట్ మీద కూర్చునే తీరు పోతకు సాధ్యం కాని నాణ్యతతో ఉంటుంది.

ఈ టైటానియం కమ్మీ చుట్టూ ఎక్రిలిక్ పళ్ళూ చిగురూ పేర్చితే వచ్చేదాన్ని హైబ్రిడ్ అంటారు. ఇప్పటికి ఎక్కువ ఏళ్ళ అనుభవం ఉన్న జోడీ ఇది. ఇందులో ఫ్రేమ్ విరగడం అరుదు. చెడేది పైనున్న ఎక్రిలిక్. ముందు పన్ను ఊడి చేతికి వస్తుంది, చిగురు భాగం చిట్లుతుంది, దవడపళ్ళు కొన్నేళ్ళలో అరిగి చదునవుతాయి. ఎక్రిలిక్ రంగు పీలుస్తుంది. పసుపు, టీ, జర్దా మరకలు త్వరగా పడతాయి. శుభ్రం చేయకపోతే వాసన పట్టుకుంటుంది. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. అయితే ఊడిన పన్నును ఊళ్ళో ఉన్న మామూలు ల్యాబులోనే అతికించవచ్చు. పళ్ళన్నీ అరిగాక ఫ్రేమ్‌ను విప్పి, పాత ఎక్రిలిక్‌ను తీసేసి, అదే ఫ్రేమ్ మీద కొత్త పళ్ళు కట్టవచ్చు. ఫ్రేమ్ పెట్టుబడి వృథా పోదు. ఈ గుణానికి ఇవ్వవలసినంత విలువ ఇవ్వడం లేదు. ఎదురు దవడలో ఎక్రిలిక్ సెట్టే ఉన్నవారికీ, వయసు పైబడి తరచూ సర్దుబాట్లు అవసరమయ్యేవారికీ హైబ్రిడ్ ఇప్పటికీ తగిన ఎంపిక.

టైటానియం మీద పింగాణీ కాల్చడం వేరే సంగతి. 882 డిగ్రీల దగ్గర టైటానియం లోపలి నిర్మాణం మారుతుంది. అంతకు కాస్త ముందే ఆక్సైడ్ పొర మందమవుతుంది. తక్కువ వేడికి కరిగే ప్రత్యేక పింగాణీ వాడాలి, అది కూడా లోహానికి గట్టిగా పట్టదు. అందుకే టైటానియం ఫ్రేమ్ మీద విడివిడి క్రౌన్లు చేసి అతికించే పద్ధతి వచ్చింది. ఒక క్రౌన్ చెడితే దాన్ని ఒక్కదాన్నే మార్చవచ్చు. చాలా అందంగా వస్తుంది, చాలా ఖర్చవుతుంది.

జిర్కోనియా ఈ రంగంలోకి వచ్చి రెండు దశాబ్దాలు దాటింది. జిర్కోనియం లోహపు ఆక్సైడ్‌కు కొద్దిగా ఇట్రియా కలిపిన సిరామిక్ ఇది. సిరామిక్‌లకు ఉన్న పేరు పెళుసుదనం. 1975లో గార్వీ, హానింక్, పాస్కో అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దీన్ని మిగిలిన సిరామిక్‌ల నుంచి వేరుచేసే గుణాన్ని 'నేచర్' పత్రికలో వివరించారు. పగులు మొదలైన చోట, దాని కొన దగ్గరి రేణువులు ఒక స్ఫటిక రూపం నుంచి ఇంకో రూపానికి మారి, సుమారు నాలుగు శాతం ఉబ్బుతాయి. ఆ ఉబ్బు పగులును రెండు వైపుల నుంచీ నొక్కి ముందుకు పాకకుండా ఆపుతుంది. వంచి విరిచే పరీక్షలో మామూలు రకం జిర్కోనియా 900 మెగాపాస్కల్‌లకు పైగా తట్టుకుంటుంది. పన్నులాంటి మెరుపు కోసం ఇట్రియా పెంచిన పారదర్శక రకాలు అంత బలంగా ఉండవు. దవడ మొత్తానికి ఒకే ముక్కగా చేసేటప్పుడు ఈ తేడా పట్టించుకోవాలి. అందం కోసం బలహీనమైన రకాన్ని వెనక పళ్ళ దాకా తీసుకుపోవడం చెడ్డ బేరం.

అంత బలం ఉన్నా లోహంతో పోల్చకూడని చోటు ఒకటుంది. పగులును ఆపే శక్తిలో టైటానియం జిర్కోనియా కంటే పది రెట్లకు మించి మెరుగు. లోహం విరిగే ముందు వంగుతుంది, జిర్కోనియా వంగదు. దాని ఆరోగ్యమంతా తయారీ తీరులో ఉంది. సగం కాల్చిన మెత్తటి దిమ్మను దాదాపు నాలుగో వంతు పెద్దదిగా చెక్కి, సుమారు 1,500 డిగ్రీల కొలిమిలో గంటల తరబడి కాలుస్తారు. అప్పుడు అది అసలు కొలతకు కుదించుకుపోతుంది. దవడంత వంపు తిరిగిన ముక్క ఆ కుదింపులో వంకర పోకుండా ఉండాలంటే ఆధారం ఉంచి కాల్చాలి, నెమ్మదిగా వేడెక్కించాలి, నెమ్మదిగా చల్లార్చాలి. తొందరపడి కాల్చినదాని లోపం బయటికి కనబడదు. 2001లో తుంటికీలు మార్పిడికి వాడే జిర్కోనియా గోళీలు కొన్ని బ్యాచ్‌లు రోగుల శరీరాల్లోనే వరసగా పగిలాయి. పదార్థం మారలేదు, కాల్చే కొలిమి రకం మారింది. పంటి జిర్కోనియా మీద పనిచేసేవారు మరిచిపోకూడని పాఠం అది.

మొదటి తరం జిర్కోనియా ఫ్రేమ్‌ల మీద పింగాణీ పూసి కాల్చేవారు. ఫ్రేమ్ నిలిచింది, పింగాణీ పెచ్చులూడింది. దాంతో పళ్ళనూ చిగురునూ కలిపి పూర్తిగా జిర్కోనియాలోనే చెక్కి, పైన రంగులు అద్ది కాల్చే పద్ధతి వచ్చింది. కొందరు చిగురు భాగానికీ ముందు పళ్ళ పెదవి వైపుకూ మాత్రమే కాస్త పింగాణీ పూస్తారు. నమిలే ఒత్తిడి నేరుగా పడని చోటు కాబట్టి అక్కడ పెచ్చులూడే భయం తక్కువ. ఇలాంటి ముక్కలు కొన్నేళ్ళ పరిశీలనల్లో చాలా తక్కువగా విరిగాయి. బాగా పాలిష్ చేసిన జిర్కోనియా ఎదురు పళ్ళను పింగాణీ కంటే తక్కువ అరగదీస్తుంది. కానీ కుర్చీలో కూర్చోబెట్టి కాటు సర్దడానికి గీసి, గరుకుగా వదిలేస్తే ఆకురాయి పని చేస్తుంది. గీసిన ప్రతిసారీ మళ్ళీ నున్నగా పాలిష్ చేయక తప్పదు. మరకలు పట్టవు, పాచి తక్కువగా అంటుతుంది, వాసన ఉండదు. పైనా కిందా జిర్కోనియా అయితే పళ్ళు తగిలినప్పుడు టకటక చప్పుడు వస్తుంది. కొందరికి అది కొద్ది రోజుల్లో అలవాటవుతుంది, కొందరికి కాదు.

అసలు కష్టం అది విరిగినప్పుడు. కోసి అతకడం కుదరదు. ఒక చోట పగిలినా దవడ మొత్తం కొత్తగా చేయాలి. కంప్యూటర్ ఫైలు భద్రంగా ఉంటే పని త్వరగా అవుతుంది, ఖర్చు మాత్రం తగ్గదు. ఇంకో బలహీనత కింద ఉంది. జిర్కోనియాను నేరుగా ఇంప్లాంట్ మీద బిగించకుండా, చిన్న టైటానియం గొట్టాలను రెజిన్ సిమెంటుతో దానికి అతికించి వాటి ద్వారా బిగిస్తారు. ఏళ్ళు గడిచాక ఆ అతుకు వదలవచ్చు. స్క్రూ బిగువుగానే ఉంటుంది, పళ్ళు మాత్రం సన్నగా కదులుతాయి, నోట్లో చెడు రుచి వస్తుంది. ఈ రెండు భయాలకూ విరుగుడుగా, లోపల టైటానియం కమ్మీ పెట్టి పైన జిర్కోనియా తొడుగు అతికించే పద్ధతిని ఇప్పుడు చాలామంది ఎంచుకుంటున్నారు. ఇంప్లాంట్‌కు లోహం ఆనుతుంది, సజ్జ బరువును లోహం మోస్తుంది, నోటికి కనిపించేది సిరామిక్. ఎత్తు దొరికే దవడల్లో ఇది మంచి పొత్తు.

టైటానియానికి ఆ పేరు పెట్టినదీ, 1789లో జిర్కోనియాను కనుగొన్నదీ ఒక్కరే, జర్మనీ రసాయన శాస్త్రవేత్త క్లాప్రోత్. ఈ రెండింటి ఖనిజాలూ ఒకే ఇసుకలో దొరుకుతాయి. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా సముద్రతీరపు నల్ల ఇసుకలో టైటానియం ఖనిజమైన ఇల్మనైట్, దానితోపాటు జిర్కాన్ కూడా ఉన్నాయి. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్ అణు రియాక్టర్ల కోసం జిర్కాన్ నుంచి జిర్కోనియం తీస్తుంది. అదే నగరంలోని మిధాని టైటానియం మిశ్రమాలను తయారు చేస్తుంది, శరీరంలో అమర్చే ఇంప్లాంట్లను కూడా.

పీక్ వీటన్నిటికీ భిన్నం. 1978లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఈ ప్లాస్టిక్ వెన్నెముక శస్త్రచికిత్సల్లో పేరు తెచ్చుకుని దంతవైద్యంలోకి వచ్చింది. సాంద్రత 1.3 మాత్రమే, నోట్లో బరువే తెలియదు. లోహం పడనివారికి పనికొస్తుంది. ఎక్స్‌రేలో కనబడదు కాబట్టి ఫ్రేమ్ సరిగ్గా ఆనిందా లేదా చూడటం కష్టం. దీని తరఫున వినిపించే ముఖ్యమైన వాదన ఏమిటంటే, మెత్తగా ఉండి నమిలే దెబ్బను తాను మింగేస్తుందని. ఆ వాదన సగమే నిజం. వంగే ఫ్రేమ్ బరువును ఇంప్లాంట్లన్నిటికీ పంచదు. బరువు పడిన చోటుకు దగ్గరి ఇంప్లాంట్ మీదే మోపుతుంది. గట్టి ఫ్రేమ్ చేసే మొదటి పని పంపిణీ, పీక్ దాన్నే వదులుకుంటుంది. పైపళ్ళ రెజిన్ దీనికి సులభంగా అంటుకోదు, ఉపరితలాన్ని గరుకు చేసి ప్రత్యేక ప్రైమర్ పూయాలి. సజ్జ కురచగా, ఇంప్లాంట్లు దగ్గరగా ఉన్న చోట ఫలితాలు ఆశాజనకంగానే ఉన్నాయి. లోహాలకున్న దశాబ్దాల చరిత్ర దీనికి లేదు. గాజు పీచు కలిపిన రెజిన్ ఫ్రేమ్‌లు గట్టిదనంలో పీక్‌కు కొన్ని రెట్లు ఎక్కువ, లోహాలకు చాలా తక్కువ. వాటి మీదా ఇప్పుడే ఒక తీర్పు చెప్పలేం.

ఫ్రేమ్ పదార్థం మారినందువల్ల ఇంప్లాంట్లు ఎక్కువ కాలం నిలిచాయనో, తక్కువ నిలిచాయనో ఇంతవరకు గట్టిగా తేలలేదు. తేడా కనిపించేది మరమ్మతుల్లోనే. అందువల్ల ఎంపికకు ముందు దవడలో ఉన్న ఎత్తు కొలవాలి. ఇంప్లాంట్ తల నుంచి ఎదురు పళ్ళ దాకా హైబ్రిడ్‌కు సుమారు 15 మిల్లీమీటర్లు కావాలి. పూర్తి జిర్కోనియా దానికంటే కొన్ని మిల్లీమీటర్లు తక్కువలో ఇముడుతుంది. పళ్ళు ఈమధ్యే తీసినవారికి ఎముక ఇంకా ఎత్తుగా ఉంటుంది. అక్కడ హైబ్రిడ్ ఇరికిస్తే ఎక్రిలిక్ పలచబడి చిట్లుతుంది. ఎముక బాగా కరిగినవారిలో ఖాళీ ఎక్కువ, హైబ్రిడ్ దాన్ని తేలికగా నింపుతుంది. తర్వాత చూడవలసింది ఎదురు దవడ. అక్కడ సొంత పళ్ళో జిర్కోనియానో ఉంటే ఎక్రిలిక్ త్వరగా అరిగిపోతుంది. రాత్రి పళ్ళు కొరికే అలవాటున్నవారికి ఏ పదార్థమైనా రాత్రిపూట పెట్టుకునే గార్డు లేకుండా ఇవ్వకూడదు. మాంసంలో ఎముకలు కొరికే అలవాటు ఏ ఫ్రేమ్‌కూ మంచిది కాదు, జిర్కోనియాకు మరీ.

పళ్ళు పెట్టిన తర్వాతి సంగతులు రెండున్నాయి. ఫ్రేమ్ అడుగు భాగం ఉబ్బుగా, నున్నగా ఉండాలి. లోపలికి గుంటగా ఉంటే అక్కడికి బ్రష్ చేరదు, నీటి ధార చేరదు. చిగుళ్ళ వాపుకు పదార్థం కంటే ఈ ఆకారమే ఎక్కువ కారణమవుతుంది. రెండోది స్కానింగ్. తల ఎంఆర్ఐ తీసేటప్పుడు కోబాల్ట్-క్రోమ్ పెద్ద నీడ వేస్తుంది, టైటానియం అంతకంటే తక్కువ, జిర్కోనియా చాలా తక్కువ. సీటీ స్కాన్‌లో జిర్కోనియా చారలు టైటానియం కంటే ఎక్కువగా వస్తాయి.

శస్త్రచికిత్స రోజునే బిగించే పళ్ళు సాధారణంగా పూర్తి ఎక్రిలిక్‌తో చేసిన తాత్కాలికమైనవి. ఎముక పట్టుకునే మూడు నుంచి ఆరు నెలల కాలంలో కాటు ఎక్కడ కుదురుతుందో, మాట ఎక్కడ తడబడుతుందో, పెదవి కింద ఎంత చిగురు కనబడుతుందో అవి చూపిస్తాయి. అరిగిన చోట్లు, విరిగిన చోట్లు ఆ మనిషి నమిలే బలాన్ని చెబుతాయి. అసలు ఫ్రేమ్ పదార్థాన్ని అప్పుడు నిర్ణయించడం మేలు, మొదటి రోజునే ఒప్పందంలో రాసుకోవడం కాదు. చివరి ఫ్రేమ్ బిగించాక రోగి చేతికి ఒక కార్డు ఇవ్వాలి. ఇంప్లాంట్ కంపెనీ, మోడల్, వ్యాసం, ఫ్రేమ్ పదార్థం, స్క్రూ రకం, దాన్ని విప్పే డ్రైవర్ పేరు అందులో ఉండాలి. విజయవాడలో పళ్ళు పెట్టించుకున్నవారికి పిల్లల దగ్గర ఉన్నప్పుడు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో స్క్రూ వదులైతే, అక్కడి వైద్యుడికి ముందుగా కావలసినవి ఈ వివరాలే.